ప్యాడ్లు కట్టుకుంటే పిరికోడా?

అనంతపురం పాతూరు నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరమిది. పేరు వేయొద్దన్నారు. ఆవిడ ఇంట్లోనే మిషను కుడతారు. భర్త ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా. ఒక్కడే కొడుకు, పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. నిన్నమొన్నటి దాకా వీధిలో రబ్బరు బంతితో, సెలవు రోజుల్లో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో టెన్నిస్ బంతితో ఆడుకునేవాడు. ఎండాకాలం సెలవుల్లో క్రికెట్ కోచింగులో చేర్చారు. అక్కడ లెదర్ బాల్. గొడవంతా అప్పటి నుంచే.

చేర్చిన వారానికే వాళ్ల నాన్న తొమ్మిది వేలు పెట్టి ఇంగ్లీష్ విల్లో బ్యాటు కొన్నాడట. "మిగతావి తర్వాత చూద్దాం, ముందు సెలెక్ట్ కానీ" అన్నాడట. ప్యాడ్లు, గ్లవ్స్, గజ్జల దగ్గర లోపల పెట్టుకునే గార్డు అన్నీ కోచింగు వాళ్ల సంచిలోవే వాడుకోవాలి. హెల్మెట్ మాత్రం మరిది ఇచ్చాడు, తను ఎప్పుడో వాడినది. ఆయన ఒకప్పుడు జిల్లాలో టెన్నిస్ బాల్ టోర్నమెంట్లలో పేరున్న ఆటగాడు. పిల్లవాడికి చిన్నాయన మాటంటే వేదం. ఆ చిన్నాయన హెల్మెట్ చేతికిస్తూనే "ఇది పెట్టుకుంటే బంతి సరిగ్గా కనపడదురా, ఎవడన్నా నిజంగా ఫాస్ట్ వేస్తే అప్పుడు చూద్దువులే" అన్నాడట. ఎడమ కాలికి ఒక్క ప్యాడ్ చాలనేదీ ఆయన మాటే. "గవాస్కర్ వెస్టిండీస్ వాళ్లను ఉత్త టోపీతో ఆడలేదా? ఇదంతా అంగళ్ల వాళ్ల వ్యాపారం" అంటాడట.

అసలు సంగతి ఉత్తరం మధ్యలో ఉంది. ఆవిడ మాటల్లోనే చదవండి: "మొన్న ఆదివారం నీళ్లు పోసుకుని టవలు చుట్టుకుని వచ్చినాడు. ఎడమ తొడ పక్కన నల్లగా మచ్చ, సరిగ్గా బంతి ఎంతుంటుందో అంత. ఇంకోటి డొక్క మీద. అది అప్పటికే పచ్చబడింది, అంటే పాతది. ఏమిరా ఇది అంటే సైకిల్ మీంచి పడ్డానన్నాడు. నాలుగు రోజులుగా నడకలో తేడా ఉంటే నేను బూట్లు కరుస్తున్నాయేమో అనుకున్నా."

తర్వాత వాడి స్నేహితుడు చెప్పాడు, బంతి గజ్జల్లో కూడా తగిలిందని, గార్డు పెట్టుకోనందుకు కోచ్ తిట్టాడని. "గార్డు గురించి నేను వాడితో ఎట్లా మాట్లాడేది? అంగట్లో అడగాలన్నా సిగ్గే. మా ఆయనకు చెబితే నవ్వి ఊరుకున్నాడు. మా అత్త ఆట మాన్పించమంటుంది. వీడేమో 'ఛీ, అది నేను పెట్టుకోను' అంటాడు. హెల్మెట్ వదులుగా ఉందని లోపల గుడ్డ పెట్టి కుట్టిచ్చినా. అయినా సంచిలోనే పెట్టుకుని పోయి సంచిలోనే తెస్తాడు."

ఇవన్నీ నిజంగా అవసరమా, ఆట మాన్పించాలా, మరిదికి ఎదురు చెబితే ఇంట్లో మాటలు పోతాయి కదా, ఏం చేయాలి అని అడిగారు. చివర్లో ఇంకో చిన్న ప్రశ్న: తొడకు కట్టుకునే ప్యాడ్ తానే కుట్టొచ్చా అని.

అమ్మా,

మీ ప్రశ్నలన్నిటికంటే ముందు ఒక పని ఉంది. పిల్లవాణ్ని డాక్టరుకు చూపించండి. గజ్జల్లో బంతి తగిలి నడకలో నాలుగు రోజులు తేడా ఉందంటే, ఇప్పుడు తగ్గినట్టే కనిపించినా సరే, ఒకసారి చూపించాల్సిందే. వాళ్ల నాన్నను వెంట పంపండి, మీ ముందు వాడు నోరు విప్పడు. ఇకమీదట ఎప్పుడైనా అక్కడ దెబ్బ తగిలి, నొప్పి గంటకు కూడా తగ్గకపోతే, వాచితే, వాంతి అయితే, మూత్రంలో రక్తం కనపడితే, తెల్లారేదాకా ఆగకండి. వృషణానికి రక్తం అందకుండా పోతే దాన్ని కాపాడటానికి డాక్టర్లకు ఉండేది కొన్ని గంటలే. ఈ మాట రాయడానికి నాకు మొహమాటం లేదు. మీరూ పడకండి.

ఇక మొదటి ప్రశ్న. అవసరమే. అంగళ్ల వాళ్ల వ్యాపారం అందులో లేదని నేననను. రంగురంగుల గ్లవ్స్, పేరున్న ఆటగాడి సంతకం ఉన్న సంచి, ఇవన్నీ వ్యాపారమే. కానీ అడుగున ఉన్న అవసరం మాత్రం బంతిలోనే ఉంది.

టెన్నిస్ బంతి 58 గ్రాముల దగ్గర ఉంటుంది. పెద్దవాళ్లు ఆడే లెదర్ బాల్ 155.9 నుంచి 163 గ్రాములు. అంటే దాదాపు మూడింతలు. బరువు ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. టెన్నిస్ బంతి ఒంటికి తగిలినప్పుడు తనే నొక్కుకుపోయి దెబ్బలో చాలా భాగం తనలోనే దాచుకుంటుంది. లెదర్ బాల్ అలా కాదు. లోపల కార్కు, దాని చుట్టూ బిగించి చుట్టిన దారం, పైన తోలు, మధ్యలో లేచి ఉండే కుట్టు. అది నొక్కుకోదు కాబట్టి నొక్కుకునేది మన ఒళ్లే. మీ మరిది ఏళ్ల తరబడి ఆడిన ఆటా, మీ వాడు ఈ వేసవి నుంచి ఆడుతున్న ఆటా పేరుకు ఒకటే. ఆయన అనుభవం అబద్ధం కాదు, అది వేరే బంతి అనుభవం.

కోచింగుల్లో పదిహేను పదహారేళ్ల కుర్రాళ్లు కూడా ఈ చిన్నపిల్లలకు బౌలింగు వేస్తుంటారు. వాళ్లలో గట్టివాడు గంటకు 100 కిలోమీటర్ల వేగం దాకా పోగలడు. పిచ్ పొడవు 22 గజాలు, అంటే 20 మీటర్ల పైచిలుకు. బౌలర్ చేతిలోంచి బంతి వదిలే చోటు నుంచి బ్యాటర్ నిలబడే గీత దాకా చూస్తే 18 మీటర్లు కూడా ఉండదు. ఆ దూరం దాటడానికి ఆ బంతికి సెకనులో మూడింట రెండు వంతులు చాలు. అంతలోనే ఏ బంతో పోల్చుకోవాలి, కాలు కదపాలి, బ్యాటు తేవాలి. టీవీలో చూసే 140 వేగం బౌలర్లయితే అర సెకనే. ఈ వ్యవధిలో అంచనా తప్పడం పెద్ద ఆటగాళ్లకే మామూలు, పదమూడేళ్ల పిల్లవాడి సంగతి చెప్పేదేముంది.

దీనికి మన నేల తోడు. స్టేడియంలో పిచ్‌కు నీళ్లు పెట్టి, రోలరు తోలి, గడ్డి కోసి చూసుకుంటారు. ఊళ్లో నెట్స్, అంటే వలల మధ్య ప్రాక్టీసు చేసే చోట్లు, చాలావరకు గట్టి మట్టి మీద మ్యాట్ పరిచినవే. మ్యాట్ కింద ఒక్క గులకరాయి ఉన్నా, అంచు మడత పడినా, ఎండకు నేల పగిలినా, మోకాలి ఎత్తులో రావాల్సిన బంతి మెడ మీదికి లేస్తుంది. ఇవన్నీ పెద్ద గ్రౌండులో ఆడేవాళ్లకు కదా, మనకెందుకు అనుకుంటాం. నిజానికి పెద్ద గ్రౌండు కంటే ఈ నేల మీదే ఎక్కువ అవసరం.

ప్యాడ్ చేసే పని చాలా చిన్నది. దెబ్బను ఒక్కచోట దిగనివ్వకుండా వెడల్పుగా పరుస్తుంది, బంతి ఆగడానికి ఇంకాస్త సమయం దొరికేలా చేస్తుంది. మిద్దె మెట్ల మీంచి బండ మీద పడటానికీ, శెనక్కాయ పొట్టు కుప్ప మీద పడటానికీ ఉన్న తేడా అంతే కదా. హెల్మెట్‌లో పైపెంకు దెబ్బను పరుస్తుంది, లోపలి ఫోమ్ నలుగుతుంది. గార్డుది కాస్త వేరే పద్ధతి. గట్టి ప్లాస్టిక్‌తో చేసింది, దాని అంచు చుట్టూ ఉన్న ఎముక మీద ఆనుకుంటుంది. బంతి తగిలితే ఆ దెబ్బ మెత్తని చోట పడకుండా ఎముక మీదికి పోతుంది. ఇక తొడ ప్యాడ్, కుడిచేతి బ్యాటర్ అయితే ఎడమ తొడ బయటివైపు కట్టుకుంటాడు, ఎందుకంటే బౌలర్ వైపు తిరిగి ఉండేది ఆ పక్కే. మీరు మచ్చ చూసింది సరిగ్గా అక్కడే.

ఒక్క ప్యాడ్ చాలనే మాట కూడా ఇక్కడి నుంచే పుట్టింది. ముందు కాలికి ఎక్కువ తగులుతుందన్నది నిజం. కానీ బ్యాటు లోపలి అంచుకు తగిలి తిరిగిన బంతి, సరిగ్గా పాదాల దగ్గర పడి కాళ్ల మధ్యకు దూరిన యార్కర్ పోయి తగిలేది వెనక కాలి మోకాలికో చీలమండకో. అక్కడ ఎముక మీద కండ కూడా ఉండదు.

గవాస్కర్ సంగతికి వద్దాం. మీ మరిది అన్నది నిజమే. హెల్మెట్ లేకుండానే ఆయన వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్లను ఆడాడు. వివియన్ రిచర్డ్స్ అయితే చివరిదాకా హెల్మెట్ ముట్టలేదు. అయితే అదే గవాస్కర్ చివరి ఏళ్లలో తలకు స్కల్ క్యాప్ అనే గట్టి టోపీ వేసుకునే దిగాడు. గవాస్కర్ కంటే ముందు అదే వెస్టిండీస్‌కు పోయిన కెప్టెన్ ఒకాయన ఉన్నాడు, నారీ కాంట్రాక్టర్. 1962లో బార్బడోస్ జట్టుతో ఆడుతుంటే చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి తలకు తగిలి పుర్రె చిట్లింది. ఆపరేషను చేశారు. రక్తం ఇచ్చినవాళ్లలో వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వారెల్ కూడా ఉన్నాడు. ప్రాణం దక్కింది గానీ 28 ఏళ్ల ఆ కెప్టెన్ మళ్లీ టెస్టు ఆడలేదు. హెల్మెట్ లేకుండా గెలిచినవాళ్ల పేర్లు అందరికీ గుర్తుంటాయి, ఆయన పేరు చెబితే ఇప్పటి పిల్లలు ఎవరని అడుగుతారు.

1978లో ఆస్ట్రేలియా ఆటగాడు గ్రాహమ్ యాలప్ మొదటిసారి టెస్టులో హెల్మెట్ పెట్టుకుని దిగింది కూడా ఆ బార్బడోస్‌లోనే. జనం గేలి చేశారు. మీ మరిది ఇప్పుడంటున్న మాటే అప్పుడు వాళ్లూ అని ఉంటారు. ఆ తర్వాత గేలి చేసినవాళ్ల పిల్లలు కూడా హెల్మెట్ పెట్టుకునే ఆడి ఉంటారు. అంత దూరం ఎందుకు, 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మన అనంతపురం ఆర్‌డీటీ గ్రౌండులోనే జరిగింది. శ్రేయస్ అయ్యర్ నల్ల కళ్లద్దాలతో బ్యాటింగుకు దిగి సున్నాకే అవుటయ్యాడని ఊరంతా నవ్వుకున్నారు. కళ్లద్దాలున్నా తల మీద హెల్మెట్ మాత్రం తీయలేదు.

ఇంకో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. 2014 నవంబరులో సిడ్నీలో ఫిల్ హ్యూస్‌కు బంతి తగిలినప్పుడు తల మీద హెల్మెట్ ఉంది. బంతి దాని కింద, మెడ పక్కన తగిలింది. రెండు రోజులకు చనిపోయాడు. హెల్మెట్ వెనక మెడకు అడ్డంగా తగిలించే గార్డులు ఆ తర్వాతే వచ్చాయి. కాబట్టి ఏమీ కాదులే అనే ధీమా హెల్మెట్ ఇవ్వకూడదు. కొందరు పిల్లలు హెల్మెట్ ఉంది కదా అని తల మీదికి లేచే బౌన్సరు వస్తే ముఖం పక్కకు తిప్పేసుకుంటారు, అది ఇంకా ప్రమాదం. బంతి మీంచి చూపు తీయకూడదు అన్న విషయంలో మీ మరిదిదే న్యాయం. ఆ మాటను మనం తర్వాత వాడుకుందాం.

మీ ఉత్తరంలో నా మనసుకు అన్నిటికంటే తగిలింది వేరే ఉంది. పిల్లవాడికి పౌరుషం ఎక్కువై ఇవన్నీ వద్దంటున్నాడని ఇంట్లో అందరూ ఒప్పేసుకున్నారు, మీరు కూడా. మీరు రాసిన వివరాలు మాత్రం అలా చెప్పడం లేదు. హెల్మెట్ పెద్దవాళ్ల సైజు. మీరే వదులుగా ఉందని రాశారు. పరుగెత్తితే కళ్ల మీదికి జారే హెల్మెట్ పెట్టుకుంటే నిజంగానే బంతి కనపడదు. వాడు చెప్పేది సాకు కాకపోవచ్చు. ఇక గార్డు. కోచింగు సంచిలో ఒకటో రెండో ఉంటాయి. ఒకడు అవుటై వచ్చి తీసి ఇస్తే, చెమటతో తడిగా ఉన్న దాన్నే తర్వాతివాడు లోపల పెట్టుకోవాలి. ఆ "ఛీ"లో పౌరుషం ఎక్కడుందమ్మా? మీరైనా నేనైనా అదే అంటాం. నా ఊహ తప్పు కావచ్చు. కానీ వాణ్ని ఎవరైనా అడిగారా? "ఎందుకు పెట్టుకోవు?" అని గద్దించడం వేరు, "అది నీకు సరిపోతుందా, శుభ్రంగా ఉందా?" అని అడగడం వేరు.

దాచడం మాటకొస్తే, మీకు బాధగా ఉండటం సహజం. కానీ వాడి వైపు నుంచి చూడండి. దెబ్బ తగిలిందని చెబితే అవ్వ ఆట మాన్పిస్తుంది. ఏడిస్తే చిన్నాయన పిరికోడంటాడు. నాన్న తొమ్మిది వేల బ్యాటు కొనిచ్చాడు, వద్దనలేడు. ఇక మిగిలింది సైకిల్ మీంచి పడటమే. వాడు అబద్ధమాడింది మిమ్మల్ని మోసం చేయడానికి కాదు, ఆట పోకుండా కాపాడుకోవడానికి. ఇంట్లో నిజం చెబితే ఆట పోదు అని ముందు వాడికి తెలియాలి. "ఏ దెబ్బయినా సరే అదే రోజు నాకు చెప్పు, దెబ్బ తగిలిందని మాత్రం ఆట మాన్పించను" అని మీరే మాటివ్వండి, మీ అత్తగారు వినేలా.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. మీ అత్తగారు చెప్పినట్టు మాన్పించొచ్చు. మీకు నిద్ర పడుతుంది, ఖర్చు తప్పుతుంది. కానీ ఈ వయసులో, ఇంత ఇష్టం ఉన్న పిల్లవాడు ఊరుకుంటాడనుకోను. ఎక్కడో ఖాళీ స్థలంలో, ఎవరి బంతితోనో, ఏ రక్షణా లేకుండా, కోచ్ కూడా లేకుండా ఆడతాడు. మచ్చ దాచడం ఇప్పటికే నేర్చుకున్నాడు కదా. పూర్తిగా మాన్పించే బదులు ఒకటి రెండేళ్లు మళ్లీ టెన్నిస్ బంతికే పంపడం మధ్యదారి. అందులో తప్పు లేదు, కానీ అది వాడి ఒప్పుదలతో జరగాలి, లేకపోతే అదీ శిక్షే అవుతుంది.

రెండోది, అప్పో సొప్పో చేసి మొత్తం కిట్టు ఒక్కసారే కొనడం. పదమూడేళ్ల పిల్లవాడు ఏడాది తిరిగేసరికి చొక్కా పట్టనంత పెరుగుతాడు. ఈ రోజు కొన్న కాలి ప్యాడ్లు వచ్చే వేసవికి పొట్టి. పైగా అంత ఖర్చు పెట్టాం అనే బరువు కూడా వాడి మీద పడుతుంది, బ్యాటు విషయంలో ఇప్పటికే పడింది.

నాకు నచ్చేది మూడోది. సొంతంగా ఉండి తీరాల్సినవి రెండే, గార్డు, హెల్మెట్. కాలి ప్యాడ్లు, గ్లవ్స్ కొన్నాళ్లు కోచింగు సంచిలోవే సైజు చూసుకుని వాడుకోనివ్వండి. గార్డు రెండు మూడు వందల లోపే దొరుకుతుంది. దాన్ని పెట్టుకోవడానికి లోపల సంచిలా కుట్టిన సపోర్టర్ కూడా తీసుకోవాలి, ఒట్టి గార్డు పరుగులో జారిపోతుంది. మీరు అడగక్కర్లేదు. క్రీడా వస్తువుల అంగట్లో "బ్యాటింగ్ గార్డు, పిల్లల సైజు" అంటే ఇంకో మాట లేకుండా ఇస్తారు. రోజూ అమ్మేదే. వాళ్ల నాన్న పోయి తెస్తే ఇంకా మంచిది. ఆయన నవ్వి ఊరుకున్నాడంటే నిర్లక్ష్యం అనుకోనక్కర్లేదు, ఆయనకూ ఈ మాట ఎలా ఎత్తాలో తెలియక నవ్వి ఉండొచ్చు. డాక్టరు దగ్గరికి ఎటూ పోతారు, వచ్చేటప్పుడు ఇద్దరూ అంగడికి పోయి రమ్మనండి.

హెల్మెట్ ఖర్చు వేలల్లోనే. వాయిదా వేయాలనిపించేది దీన్నే, వేయకూడనిదీ దీన్నే. పిల్లవాణ్ని తీసుకుపోయి కొనాలి. పెట్టుకుని పట్టీ బిగించి తలను అటూ ఇటూ ఊపితే తలతోపాటే కదలాలి, విడిగా జారకూడదు. తర్వాత బంతి తీసుకుని ముఖం ముందుండే ఇనుప గ్రిల్‌కూ పైన చూరుకూ మధ్య సందులో నొక్కి చూడండి. అందులోంచి బంతి దూరేలా ఉంటే అది పనికిరాదు. గ్రిల్ ఎత్తు మార్చుకునే రకమైతే కాస్త బాగా కనపడాలని పిల్లలు పైకి జరుపుకుంటారు, అది కనిపెట్టి ఉండాలి. లోపల బీఎస్ 7928:2013 అనే గుర్తు ఉన్నది దొరికితే తీసుకోండి. అది బ్రిటిష్ ప్రమాణం, బంతి ముఖానికి తగలకుండా గ్రిల్ ఆపుతుందో లేదో పరీక్షించాకే ఇస్తారు. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే ఉన్నా మార్చాల్సిందే, లోపలి ఫోమ్ తన పని చేసి అయిపోయి ఉంటుంది.

ఈ మూడో దారికీ ఒక ఇబ్బంది ఉంది. సంచిలో ప్యాడ్లు సైజు కుదరకపోవచ్చు. మోకాలి చిప్ప ప్యాడ్ మధ్యలో ఉబ్బుగా ఉండే చోట సరిగ్గా కూర్చోవాలి. పెద్దవి కట్టుకుని పరుగెత్తితే కాళ్లకు అడ్డం పడి బోర్లా పడతాడు. కుదరకపోతే కొన్ని నెలలకు ప్యాడ్లూ కొనాల్సి వస్తుంది, దానికి ఇప్పటి నుంచే కొంచెం కొంచెం పక్కన పెట్టుకోండి. తొడ ప్యాడ్ కూడా అప్పుడే.

నాలుగోది ఖర్చు లేనిది. కోచ్‌తో మాట్లాడటం. వెళ్లి రెండు విషయాలు అడగండి. హెల్మెట్, గార్డు లేకుండా లెదర్ బాల్‌కు ఎవరినీ నిలబెట్టనని ఆయన నియమం పెడతాడా? పదమూడేళ్ల లోపు పిల్లల ఆటకు 133 నుంచి 144 గ్రాముల చిన్న బంతి వేరే ఉంటుంది, మీ వాడి వయసు పిల్లలకు నెట్స్‌లో దాన్ని వాడటానికి ఒప్పుకుంటాడా? ఆయన తిట్టాడని రాశారు, కానీ తిట్టి మళ్లీ ఆడించాడు కదా. నియమం కోచ్ పెడితే ఇంట్లో మీకు, మరిదికి మధ్య వాదన ఉండదు. హెల్మెట్ అందరూ పెట్టుకుంటే మీ వాడొక్కడే పిరికోడు కాడు. ఒకవేళ కోచ్ "ఇక్కడంతా ఇంతే" అంటే, కోచింగు మార్చాలా అనేది అప్పుడు ఆలోచించాల్సి వస్తుంది. దూరమవుతుంది, ఫీజు పెరగొచ్చు, స్నేహితులు పోతారు. అయినా నేనైతే ఆ మాట దగ్గర వెనక్కి తగ్గను.

మరిది విషయం. ఆయనకు ఎదురు చెప్పకండి, పని చెప్పండి. బంతి మీంచి చూపు తీయకూడదు అనేది ఆయన సిద్ధాంతం కదా. "చిన్నాయన నేర్పిస్తే వాడు వింటాడు, తలకొచ్చే బంతిని చూస్తూ తప్పుకోవడం మీరే నేర్పించండి" అని అడగండి. తడిపిన టెన్నిస్ బంతితో దగ్గర నుంచి షార్ట్‌గా, అంటే ముందే నేలకు తగిలి పైకి లేచేలా వేస్తూ వంగడం, పక్కకు వాలడం చేయించడం కోచ్‌లు కూడా చేయించే సాధనే, ఇంటి ముందే చేయొచ్చు. అందులో ఆయన్ను మించినవాడు మీకు దొరకడు. అయితే షరతు ఒకటి. లెదర్ బాల్ విషయంలో కోచ్ మాటే మాట. ఇది మీ నోటి నుంచి కాకుండా మీ ఆయన నోటి నుంచి రావాలి. అన్న తమ్ముడితో చెప్పుకునే మాటను వదిన చెబితే ఊళ్లో ఎలా వినిపిస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మరిది నొచ్చుకుంటే నాలుగు రోజులు ముభావంగా ఉంటాడు. ఉండనివ్వండి.

తలకు దెబ్బ తగిలితే మాత్రం ఎవరి మాటా వినకండి. హెల్మెట్ ఉన్నా సరే. ఆ రోజుకు ఆట బంద్. తలనొప్పి, వాంతి, మత్తు, మాట తడబడటం, చూపు మసకబారడం, అడిగిందే అడగడం, వీటిలో ఏది కనపడినా ఆసుపత్రికే. బాగానే ఉన్నాడు కదా అనిపించినా తెల్లవారి కూడా గమనించాలి. 2019లో లార్డ్స్‌లో జోఫ్రా ఆర్చర్ బంతి మెడకు తగిలాక స్టీవ్ స్మిత్ పరీక్షలు దాటి అదే రోజు మళ్లీ బ్యాటింగు చేశాడు. మరుసటి రోజు లేచేసరికి తలనొప్పి, మత్తు. మ్యాచ్ నుంచి తప్పుకున్నాడు. అంతటి జట్టు, అంతమంది డాక్టర్లు పక్కన ఉండి కూడా లక్షణాలు తెల్లారాకే బయటపడ్డాయి. ఫీల్డింగులోనూ అంతే. బ్యాటర్ పక్కనే షార్ట్ లెగ్‌లో నిలబెడితే హెల్మెట్ ఉండాలి. 1998లో ఢాకాలో రమణ్ లాంబా హెల్మెట్ లేకుండా అక్కడ నిలబడే ప్రాణం పోగొట్టుకున్నాడు.

ఎండ సంగతి కూడా ఒక మాట. మన ఊరి ఎండలో హెల్మెట్ లోపల తల ఉడికిపోతుంది, పిల్లలు తీసేయడానికి అదీ ఒక కారణం. ఓవర్ల మధ్య తీసి తుడుచుకోమనండి, నీళ్లు తాగమనండి, ప్రాక్టీసు ఉదయం పూటకు మార్చగలిగితే మార్చమని కోచ్‌ను అడగండి.

మీ చివరి ప్రశ్న నాకు బాగా నచ్చింది. పాత రోజుల్లో బ్యాటర్లు తువ్వాలు మడిచి తొడ దగ్గర దోపుకునేవాళ్లు, కాబట్టి మీ ఆలోచన కొత్తదేమీ కాదు. కానీ లెదర్ బాల్‌కు దూది, మామూలు స్పాంజి చాలవు. పరుపుల అంగట్లో దొరికే స్పాంజి బంతి తగలగానే పూర్తిగా అణిగిపోతుంది, దెబ్బ నేరుగా తొడకే దిగుతుంది. తొడ ప్యాడ్ కొన్నదే ఉండాలి. మీ మిషనుకు పనులు మాత్రం చాలా ఉన్నాయి. సంచిలోని ప్యాడ్లకు పట్టీలు ఊడిపోయి, వెల్క్రో అరిగిపోయి ఉంటాయి, అందుకే ఆటలో తిరిగిపోతుంటాయి. వాటిని బాగు చేసివ్వండి. గార్డు పెట్టుకునే సపోర్టర్లు కాటన్‌తో రెండు మూడు కుట్టండి, రోజూ ఉతికినది ఉంటుంది. హెల్మెట్ కింద కట్టుకునే పల్చని గుడ్డ కూడా. కోచింగులో తక్కిన తల్లులు చూస్తే ఆర్డర్లు కూడా రావచ్చు.

ఇక మరిది ఇచ్చిన హెల్మెట్‌లో మీరు కుట్టిన గుడ్డ విప్పేయండి. అది పెంకుకూ తలకూ మధ్య ఉండాల్సిన ఖాళీని పాడు చేస్తుంది. ఆ హెల్మెట్‌ను పాత సామాన్లవాడికి వేసేయండి గానీ, ఎవరికో పనికొస్తుందని ఇంకో పిల్లవాడికి మాత్రం ఇవ్వకండి.